మార్కులు వేసినవాళ్లు దేన్ని లెక్కపెట్టారు?

పోయిన నెల ఈ ఉత్తరాల శీర్షికలో, మాటల మధ్యలో నేను ఎలక్ట్రిక్ కారు నడుపుతున్నానని ఒక ముక్క రాశాను. అదే తప్పయింది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో డీజిల్ పొగ గురించి ఒక్కటీ లేదు, అన్నీ ఎలక్ట్రిక్ కారును ఎంతవరకు నమ్మొచ్చన్నవే. విజయవాడ ఆటోనగర్‌లో 34 ఏళ్లు ఇంజిన్లు విప్పి బిగించినవాణ్ణి, ఇంజినే లేని బండి కొన్నానని పాత స్నేహితులు ఇప్పటికీ ఏడిపిస్తూనే ఉన్నారు. కొని నాలుగేళ్లయింది. 61,000 కిలోమీటర్లు తిరిగింది. ఏ కంపెనీదో రాయను. రాస్తే వచ్చే నెల ఉత్తరాలన్నీ దాని ధర గురించే ఉంటాయి.

మాస్టారూ, మా బావమరిది న్యూజెర్సీలో ఉంటాడు. అక్కడి సర్వేలో ఎలక్ట్రిక్ కార్లకు పెట్రోలు కార్లకంటే సమస్యలు ఎక్కువని తేలిందట, కొనొద్దంటాడు. మా కాలేజీలో సహోద్యోగి జర్మనీ లెక్కలు చూపించి, దారిలో ఆగిపోయేవి పెట్రోలు, డీజిల్ బండ్లే ఎక్కువంటాడు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక లెక్చరర్, హనుమకొండ

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కాకపోతే ఇద్దరూ చూసిన రిజిస్టర్లు వేరు.

మీ బావమరిది చెప్పింది కన్స్యూమర్ రిపోర్ట్స్ సర్వే అయి ఉంటుంది. అమెరికాలో 1936 నుంచీ నడుస్తున్న సంస్థ, ప్రకటనలు వేసుకోదు. ఏటా తన సభ్యుల్ని 'గత 12 నెలల్లో మీ బండికి ఏం ఇబ్బంది వచ్చింది' అని అడుగుతుంది. ఇంజిన్, మోటారు, బ్యాటరీ దగ్గర్నుంచి తలుపు రబ్బరు, స్క్రీను, లోపల వచ్చే కిర్రు శబ్దం దాకా అన్నీ అందులోకి వస్తాయి. పెద్ద సమస్యకు ఎక్కువ బరువు, చిన్నదానికి తక్కువ. అలా లెక్కేస్తే 2023లో ఎలక్ట్రిక్ కార్లకు పెట్రోలు కార్లకంటే 79 శాతం ఎక్కువ సమస్యలు కనిపించాయి. 2024కి ఆ తేడా 42 శాతానికి దిగింది.

మీ సహోద్యోగిది జర్మనీలోని ఏడీఏసీ అనే మోటారు క్లబ్బు లెక్క. బండి దారిలో ఆగిపోతే ఫోన్ చేస్తారు, పసుప్పచ్చ వ్యాన్ వస్తుంది. ఆ వ్యాన్ ఎన్నిసార్లు వెళ్లిందో అదే వాళ్ల లెక్క. 2020 నుంచి 2022 దాకా రిజిస్టరైన బండ్లను తీసుకుని 2024లో చూస్తే, ప్రతి వెయ్యి ఎలక్ట్రిక్ కార్లకు 4.2 సార్లు, వెయ్యి పెట్రోలు, డీజిల్ కార్లకు 10.4 సార్లు వ్యాన్ వెళ్లింది.

మా ఆటోనగర్ లెక్కలో చెప్పాలంటే ఒకటి వర్క్‌షాపు రిజిస్టరు, రెండోది టోయింగ్ బండి రిజిస్టరు. వర్క్‌షాపుకి ఎక్కువసార్లు వచ్చే బండి దారిలో తక్కువసార్లు ఆగొచ్చు. నా బండే అంత. నాలుగేళ్లలో సర్వీసు సెంటరుకి మామూలు సర్వీసులు కాక ఆరుసార్లు వెళ్లింది. రోడ్డు మీద మాత్రం ఒక్కసారీ ఆగలేదు. (ఇంట్లో ఆగింది, ఆ సంగతి కింద చెబుతాను.)

ఇంకో రేటింగు కూడా మీకు కనబడుతుంది, అమెరికా సర్వే సంస్థ జేడీ పవర్‌ది. వాళ్లు వంద బండ్లకు ఎన్ని సమస్యలని లెక్కేస్తారు. కొత్త బండి కొన్న మొదటి 90 రోజుల సర్వేలో, 2024లో, ఎలక్ట్రిక్ బండ్లకు 266, పెట్రోలు, డీజిల్‌కు 180. అందులో ఫోను కారుకి కనెక్ట్ కాకపోయినా ఒక సమస్యే. మీరు పదేళ్లు వాడదామనుకునే బండికి 90 రోజుల మార్కులెందుకు? పెళ్లిచూపుల్లో కాఫీ బాగుందని సంబంధం ఖాయం చేసుకున్నట్టు ఉంటుంది.

నాకు ఆ కన్స్యూమర్ రిపోర్ట్స్ సర్వేలో అసలు ఆసక్తి కలిగించింది హైబ్రిడ్ల లెక్క. ఇంజినూ ఉంటుంది, మోటారూ ఉంటుంది, బ్యాటరీ కూడా ఉంటుంది. చెడిపోవడానికి అన్నీ రెండింతలు. అయినా 2023లో వాటికి పెట్రోలు కార్లకంటే 26 శాతం తక్కువ సమస్యలు వచ్చాయి. ఎందుకంటే టయోటా వాళ్లు 1997 నుంచీ వాటినే చేసి చేసి చెయ్యి తిరిగినవాళ్లు. అదే ఛార్జింగ్ పెట్టుకునే ప్లగ్-ఇన్ హైబ్రిడ్లకు 146 శాతం ఎక్కువ! అందుకే నేను బ్యాటరీని తిట్టను, కొత్తదనాన్ని అనుమానిస్తాను. ఏ మోడలైనా మార్కెట్లోకి వచ్చాక ఒక ఎండాకాలం, ఒక వానాకాలం వేరేవాళ్ల చేత నడపనివ్వండి. తర్వాత మీరు కొనండి.

అక్కడి మార్కులు ఇక్కడి బండ్లకు అతకవు కూడా. మన ఊళ్లో ఎక్కువగా తిరిగే నెక్సాన్, టియాగో, విండ్సర్ లాంటివి అమెరికా సర్వేలో ఉండవు. మీరు చేయాల్సిన సర్వే ఒకటుంది. హనుమకొండ, వరంగల్‌లో సర్వీసు సెంటరుకి వెళ్లి, 'ఇక్కడ హై వోల్టేజ్ బ్యాటరీ దించే మనిషి ఉన్నాడా, హైదరాబాద్ పంపుతారా' అని అడగండి. బయట నిలబడ్డ ఓనర్లను 'పార్టు ఎన్ని రోజుల్లో వచ్చింది' అని అడగండి. నా బండికి ఛార్జింగ్ పోర్టులో గొళ్లెం ఇరుక్కుపోయింది. అరచేతిలో పట్టేంత వస్తువు. దానికోసం బండి 19 రోజులు షెడ్డులో పడుంది. రోజూ ఫోన్ చేస్తే రోజూ 'రేపు సార్' అన్నారు. ఆ 19 రోజులు ఏ రేటింగులోనూ రావు.

అంకుల్, రాత్రి కారు పెట్టినప్పుడు బ్యాటరీ 74 శాతం చూపించింది. పొద్దున రిమోట్ నొక్కితే తలుపు కూడా తెరుచుకోలేదు. అంత ఛార్జింగ్ ఒక్క రాత్రిలో ఎక్కడికి పోయిందని ఇంట్లో అందరికీ టెన్షన్. సర్వీసు వాళ్లొచ్చి చిన్న బ్యాటరీ మార్చి వెళ్లారు. పెద్ద బ్యాటరీ పాడవుతోందనడానికి ఇది సూచనా?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

కాదమ్మా, కంగారు పడకు. నాకూ ఇదే జరిగింది. పదకొండు రోజులు సికింద్రాబాద్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉండి వచ్చేసరికి, సెల్లార్‌లో నా బండి కట్టెలా నిలబడి ఉంది. వాచ్‌మన్ ముందు, ఇద్దరు కుర్రాళ్ల ముందు, 34 ఏళ్ల మెకానిక్ రిమోట్ నొక్కుతూ నిలబడ్డాడు. రిమోట్ లోపల చిన్న ఇనప తాళంచెవి దాగి ఉంటుందని గుర్తు రావడానికి పది నిమిషాలు పట్టింది.

ఎలక్ట్రిక్ కారులో రెండు బ్యాటరీలుంటాయి. కింద పరిచిన పెద్దది చక్రాల్ని తిప్పుతుంది. బోనెట్ కింద మామూలు కారులో ఉండే 12 వోల్టుల చిన్నదే ఇంకొకటి. తలుపులు, లైట్లు, కంప్యూటర్లు, చివరికి పెద్ద బ్యాటరీని కలిపే స్విచ్చు కూడా ఆ చిన్నదాని మీదే ఆధారం. అది పడుకుంటే పెద్దదానిలో ఎంత ఉన్నా తీసుకునే దారి లేదు. ధాన్యం కొట్టు నిండా ఉండి తాళంచెవి పోయినట్టన్నమాట. జర్మనీ వాళ్ల లెక్కలోనూ ఏ రకం బండైనా ఆగిపోవడానికి మొదటి కారణం ఈ 12 వోల్టుల బ్యాటరీయే.

పెట్రోలు బండిలో అది చచ్చేముందు సెల్ఫ్ నీరసంగా తిరిగి నాలుగు రోజుల ముందే చెబుతుంది. ఇందులో సెల్ఫ్ మోటారే లేదు కాబట్టి చెప్పాపెట్టకుండా పోతుంది. మూడేళ్లు దాటగానే మార్చేయండి. ఫోను యాప్‌లో గంటకోసారి బండిని చూసుకుంటూ కూర్చోవద్దు, చూసినప్పుడల్లా కారు నిద్ర లేస్తుంది. డ్యాష్‌క్యామ్ పార్కింగ్‌లో ఆన్‌లో ఉంటే ఆపండి.

కొత్త బ్యాటరీ వేశాక కూడా మళ్లీ ఇలాగే పడుకుంటే మాత్రం ఊరుకోవద్దు. చిన్న బ్యాటరీకి ఛార్జింగ్ అందించే యూనిట్‌నే అనుమానించాలి. హ్యుందాయ్ అయానిక్ 5లో ఆ యూనిట్ లోపం వల్లే 2024లో మన దేశంలో 1,744 కార్లను వెనక్కి పిలిపించి చూశారు. రీకాల్ వచ్చిందంటే జనం ఆ బండి పనికిరాదనుకుంటారు. నాకైతే రీకాల్ చేయకుండా నోరు మూసుకున్న కంపెనీ అంటేనే భయం.

సార్, మా దగ్గర మే నెలలో ఎండ మీకు తెలిసిందే. డ్యూటీలో ఉన్నంతసేపూ కారు ఎండలోనే ఉంటుంది, నీడ లేదు. పదేళ్లకు బ్యాటరీ మిగులుతుందా?
– ఒక సింగరేణి ఉద్యోగి, రామగుండం

మీ ఎండ నాకు తెలుసు. ఓ మే నెలలో అక్కడికి టిప్పర్ గేర్‌బాక్స్ దింపడానికి వచ్చి, స్పానరు పట్టుకోలేక గోనెసంచి చుట్టుకున్నాను.

మీ భయానికి ఆధారం ఉంది. అమెరికాలో అరిజోనా రాష్ట్రం, ఫీనిక్స్ ఊరు. మీ ఊరికి అన్నలాంటి ఎండ. నిస్సాన్ లీఫ్ అనే కారు అక్కడ అమ్మారు. దాని మీటరులో బ్యాటరీ సత్తువను చూపించే 12 గీతలుండేవి. రెండో ఎండాకాలానికే, అంటే 2012లో, అక్కడి ఓనర్లకు గీతలు ఒక్కొక్కటే మాయమవడం మొదలైంది. ఆ బ్యాటరీని చల్లబరచడానికి లోపల నీళ్లలాంటి ద్రవమేమీ తిరగదు, గాలే గతి. గొడవ పెద్దదయ్యాక కంపెనీ, ఐదేళ్లు లేదా 60,000 మైళ్ల లోపు తొమ్మిది గీతల కిందకి పడితే బాగుచేసిస్తామని హామీ ఇవ్వాల్సి వచ్చింది.

కాబట్టి మీరు కొనేటప్పుడు మొదటి ప్రశ్న: బ్యాటరీకి కూలెంట్ తిరుగుతుందా? ఇప్పుడు మన దగ్గర అమ్మే కార్లలో చాలావాటికి తిరుగుతుంది. రెండో ప్రశ్న: బ్యాటరీ లోపలి సెల్స్ ఏ రకం? ఎల్ఎఫ్‌పీ రకం (లిథియం ఐరన్ ఫాస్ఫేట్), అంటే చైనా కంపెనీ బీవైడీ బ్లేడ్ బ్యాటరీ లాంటివి, ఎండను కాస్త బాగా ఓర్చుకుంటాయి. ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకమైతే రోజూ ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆపేయడం మంచిది. ఎల్ఎఫ్‌పీని మాత్రం అప్పుడప్పుడూ వందకి ఎక్కించమని కంపెనీలే చెబుతాయి. లేకపోతే దాని మీటరు లెక్క తప్పి, 15 శాతం చూపిస్తూనే చటుక్కున పడిపోతుంది.

మీరు చేయకూడని పని, వందకి నింపి తెచ్చి ఎండలో ఎనిమిది గంటలు వదిలేయడం. డ్యూటీకి వెళ్లేటప్పుడు 50, 60 ఉంటే చాలు. ఇంటికొచ్చాక వెంటనే ప్లగ్ పెట్టకుండా భోజనం అయ్యాక పెట్టండి. వేలాది బండ్ల లెక్కలు తీసే జియోటాబ్ అనే సంస్థ 2024లో సగటున ఏడాదికి 1.8 శాతం సత్తువ తగ్గుతోందని చెప్పింది. సగటు అంటే అందులో చలిదేశాల బండ్లూ ఉంటాయి. మీరు కొంచెం ఎక్కువే వేసుకోండి.

నా లెక్క నేను డైరీలో రాసుకుంటాను. ఏటా జనవరిలో, ఏసీ వేయకుండా, వేగం 80 దాటకుండా విజయవాడ నుంచి సూర్యాపేట, దాదాపు 135 కిలోమీటర్లు. కొత్తలో వంద నుంచి మొదలుపెడితే 41 శాతం మిగిలేది. ఈ జనవరిలో 36 మిగిలింది. అంటే నాలుగేళ్లకు సుమారు 8 శాతం పోయింది. నా బండికి సెల్లార్ నీడ ఉంది, మీకు లేదు. ఆ తేడా గుర్తుంచుకుని మీ డైరీ మీరు రాసుకోండి.

అన్నా, 2020 నెక్సాన్ ఈవీ ఒకటి అమ్మకానికి ఉంది. 1,38,000 తిరిగింది. బ్యాటరీ మీద 8 ఏళ్ల వారంటీ ఇంకా ఉందంటున్నాడు. రోజూ గుంటూరు నుంచి విజయవాడ వెళ్లి వస్తాను. తీసుకోవచ్చా?
– మెడికల్ రిప్రజెంటేటివ్, గుంటూరు

తమ్ముడూ, వారంటీ కాగితం పూర్తిగా చదువు. 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, రెండిట్లో ఏది ముందైతే అది. నీకు మిగిలింది 22,000 కిలోమీటర్లు. రోజుకి పోనూ రానూ 70, నెలకి పాతిక రోజులు. పదమూడో నెల దాటేలోపు వారంటీ హరీ. అతను ఏళ్ల లెక్క చెబుతున్నాడు, నువ్వు కిలోమీటర్ల లెక్క చెప్పి బేరమాడు.

అలాగని వద్దని కాదు. అమ్మకానికి ఒప్పుకునే ముందు కంపెనీ సర్వీసు సెంటరులో ఎస్ఓహెచ్ రిపోర్టు తీయించు, అంటే బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం మిగిలిందో చెప్పేది. మీటరు మీద కనబడే శాతం అది కాదు, రెండూ కలిపేయకు. వారంటీ ఎంత శాతం కింద పడితే వర్తిస్తుందో పుస్తకంలో చూడు. తర్వాత నువ్వే వందకి ఛార్జ్ చేసి, ఏసీ వేసుకుని, రెండుసార్లు విజయవాడ తిరిగి రా. ఆ బండికి కొత్తలో సర్టిఫికెట్ మీద రాసింది 312 కిలోమీటర్లు. రోడ్డు మీద అంత కొత్తలోనూ ఎవరికీ రాలేదు. నీ 140 నడిచి ఇంకా 20 శాతం మిగిలితే నీ పనికి సరిపోతుంది. ఏ రేటింగు దగ్గరా నీకు అంతకంటే మంచి జవాబు దొరకదు.

ఇప్పుడు కొత్త బండ్లకు జీవితకాల బ్యాటరీ వారంటీ అని బోర్డులు కడుతున్నారు. 2024లో ఎంజీ విండ్సర్‌తో మొదలైంది. అది మొదటి ఓనరుకి మాత్రమే. 'జీవితకాలం' ఎవరి జీవితమో అడిగి కొనండి. రేపు అమ్మేటప్పుడు మీ దగ్గర కొనేవాడు దాన్నే పట్టుకుని ధర తగ్గిస్తాడు.

మా ఇల్లు సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు మా వీధిలో ఎన్ని రోజులున్నాయో మీకు తెలుసు. అప్పుడు మా పెట్రోలు కారు పోయింది. ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలోకి నీళ్లు పోవని షోరూంలో అంటున్నారు. నిజమేనా?
– చీరల వ్యాపారి, విజయవాడ

ఐపీ67 అని వాళ్లు చెప్పే ముద్రకు అర్థం: మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా లోపలికి వెళ్లకూడదు. మీ వీధిలో అరగంట కాదు కదండీ, రోజులు. పైగా అది బురద నీళ్లు. బ్యాటరీ పెట్టె ఓర్చుకున్నా, సీట్ల కింద వైరింగు, కనెక్టర్లు, కంప్యూటర్లు ఓర్చుకోవు. అవి నెల తర్వాత పచ్చగా చిలుం పట్టి ఒక్కొక్కటే ప్రాణం తీస్తాయి. నేను ఆ సెప్టెంబర్లో నాలుగు వారాలు రాత్రింబవళ్లు బురద కార్లే చూశాను. ముందు స్టార్ట్ చేసి చూద్దామని ఆత్రపడ్డవాళ్లే ఎక్కువ నష్టపోయారు.

నీళ్లలో మునిగిన ఎలక్ట్రిక్ కారును స్టార్ట్ చేయొద్దు, ఛార్జింగ్ అసలు పెట్టొద్దు. పెద్ద బ్యాటరీ కరెంటు పారే నారింజ రంగు కేబుళ్ల జోలికి వెళ్లొద్దు. ఇంటికి ఆనుకుని కాకుండా దూరంగా, ఆరుబయట పెట్టించి కంపెనీ వాళ్లకు ఫోన్ చేయండి. ఇన్సూరెన్స్‌లో వరద నష్టం, బ్యాటరీ కవరు రెండూ ఉన్నాయా అని ఈరోజే చూసుకోండి. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లకు కూడా ఒక మాట: సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. పైనంతా కడుగుతారు గానీ బెల్టు చుట్టలో బురద గీత అలాగే ఉంటుంది.

ఊళ్లో ఇంటి దగ్గర ప్లగ్ పెడితే ఛార్జర్ మీద ఎర్రలైటు వెలుగుతోంది. టౌన్లో బాగానే ఎక్కుతోంది. కారు లోపమా?
– ఒక రైతు, తెనాలి దగ్గర

కారుది కాదు, మీ ఎర్తింగ్‌ది. ఎప్పుడో బొగ్గు, ఉప్పు వేసి పాతిన గొయ్యి ఎండిపోయి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ చేత న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఎంత కొడుతోందో చూపించండి. రెండు మూడు వోల్టులు దాటితే కొత్త ఎర్త్ వేయించండి. ఎర్త్ పిన్ను న్యూట్రల్‌కి కలిపేస్తే లైటు ఆగిపోతుందని ఎవరైనా చెబితే ఆ మనిషిని ఇంటి గడప తొక్కనివ్వకండి. ప్రాణాలు పోతాయి.

బాబాయి గారూ, ఆటోనగర్‌లో మీ పాత షెడ్డు వెనక సందులోనే పనిచేస్తున్నాను. ఎనిమిదేళ్ల అనుభవం, ఇంజిన్ పని. ఈ బండ్లు పెరిగితే మాకు పనుంటుందా? వారంటీ అయిపోయాక ఇవి మా దగ్గరికి వస్తాయా?
– ఒక మెకానిక్, విజయవాడ

వస్తాయిరా అబ్బాయ్. రాక ఎక్కడికి పోతాయి? ఈ నెల ఉత్తరాలు రాసినవాళ్లందరి భయమూ నీ రెండో ప్రశ్నలోనే ఉంది. తొమ్మిదో ఏట ఈ బండిని ఎవరు చూస్తారు? షోరూంలో అడిగితే మొత్తం బ్యాటరీ మార్చాలంటారు. లోపల చూస్తే చెడింది కొన్ని సెల్స్ కలిపిన ఒక మాడ్యూలో, ఒక సెన్సారు వైరో, ఒక రిలేనో అవుతుంది. దాన్ని వెతికి పట్టుకోగలిగినవాడికి పనికి లోటుండదు.

ఈలోగా పొట్టకూటికీ దిగుల్లేదు. బండి బరువెక్కువ కాబట్టి లింక్ రాడ్లు, బుష్‌లు త్వరగా పోతాయి. నా బండి టైర్లు 38,000కే అరిగాయి. బ్రేకులు వాడక తక్కువై డిస్కులు తుప్పుపడతాయి. ఏసీ పని పెరుగుతుంది, బ్యాటరీని చల్లబరిచేదీ అదే కదా. ఇవన్నీ నీకు వచ్చిన పనులే.

కానీ నారింజ కేబుల్ ముట్టుకోవాలంటే నీకున్న ఎనిమిదేళ్ల అనుభవం సరిపోదు. అది 300 వోల్టుల పైన డీసీ. పట్టుకుంటే వదలదు. పెద్ద బ్యాటరీని విడదీసే సర్వీసు ప్లగ్ తీశాక కూడా కంపెనీ చెప్పినంతసేపు ఆగి, మీటరు పెట్టి చూసి గానీ చెయ్యి పెట్టకూడదు. శిక్షణ తీసుకో, వెయ్యి వోల్టుల గ్లోవ్స్ కొనుక్కో. వేసుకునే ముందు వాటిలోకి గాలి ఊది, మడిచి పట్టుకుని, సూదిబెజ్జం ఉందేమో చూడాలి. గురువారం సాయంత్రం షెడ్డు దగ్గరికే వస్తున్నాను, నా బండికి ముందు ఎడమవైపు బుష్ శబ్దం చేస్తోంది. జాకీ రెడీగా పెట్టు, గ్లోవ్స్ నేను తెస్తాను.